చక్రం అనే మాట

మెయిల్ సర్వర్ మెట్ల కింద అరలో ఉండేది. ఒకప్పుడు చీపుళ్లు, బకెట్లు పెట్టుకున్న చోటు అది. తలుపు తీస్తే వేడిగాలి మొహానికి కొట్టేది. లోపల చిన్న ఫ్యాను ఒకటి రోజంతా గొణుగుతూ ఉండేది. పిల్లల పార్కులకు ఉయ్యాలలు, జారుడుబల్లలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో పన్నెండుమంది పనిచేసేవారు. ఎవరికి ఏ ఉత్తరం రావాలన్నా ఆ పెట్టెలోంచే రావాలి.

దాన్ని చూసుకునే అమ్మాయి అసలు చేరింది డ్రాయింగులు గీయడానికి. కంప్యూటర్ల పని చూసే అతను ఉద్యోగం మారిపోతూ, అర తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టి, "నీకు ఓపిక ఎక్కువ కదా" అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో ఆమె సర్వరమ్మ అయిపోయింది. మొదట్లో అలా పిలిస్తే చిరాకుపడేది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తేనే, ఏం కొంప మునిగిందోనని ఉలిక్కిపడేది.

వెనక షెడ్డులో వెల్డింగు మేస్త్రీ ఆమెకు సొంత మేనమామ. ఆమె పిలుస్తుంది కాబట్టి ఆఫీసంతా ఆయన్ని మావయ్యా అనే పిలిచేది, ఒక్క యజమాని తప్ప. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు, ఆయన ఎదుట మాత్రం కాదు.

ఒక సోమవారం పొద్దున, ముందు గదిలో ఫోన్లూ మెయిళ్లూ చూసుకునే అక్క, కుర్చీ వెనక్కి తోసి లేచి సర్వరమ్మ దగ్గరికి వచ్చింది.

"శని, ఆదివారాలు కలిపి ఆరు వందల నలభై," అంది. "బట్టతలకి నూనె, పొట్ట తగ్గడానికి పొడి, ఎక్కడో పోయిన కోటీశ్వరుడి ఆస్తి. అందులో మనవి పంతొమ్మిది. బియ్యంలో రాళ్లు ఏరమంటే ఏరతాను గానీ, రాళ్లలో బియ్యం ఏరమంటే నా వల్ల కాదు."

"ఫిల్టర్ పెడదాం అక్కా. ఈ వారంలో పెట్టేస్తాను."

"పోయినేడు కూడా ఇదే మాట."

సర్వరమ్మ నవ్వింది. నిజమే, ఏడాదిగా వాయిదా వేస్తోంది. బద్ధకం వల్ల కాదు, భయం వల్ల. చెడ్డ ఉత్తరం ఒకటి లోపలికొస్తే చెరిపేస్తే పోతుంది. మంచిది ఒకటి గుమ్మం బయట ఆగిపోతే, ఆగిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. ప్రోగ్రామును సర్వర్లో ఎక్కించడానికి గంట పట్టింది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ అది చదివి మార్కులు వేస్తుంది. మార్కులు ఐదు దాటితే ఉత్తరం చెత్త ఫోల్డర్లోకి పోతుంది. బడిలో లాగా కాదు, ఇక్కడ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే తప్పినట్టు. తెల్లారేసరికి చెత్త చాలావరకు ఆగిపోయింది. దాంతోపాటు పెద్దాయన ఇంటి నుంచి రాసిన ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఆయన ఏం రాసినా పైన 'అత్యవసరం' అని పెట్టి, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు తగిలిస్తారు. టీ కప్పులు కడిగి బోర్లించమని రాసినా అంతే.

సంగతి విని పెద్దాయన కోప్పడలేదు. "ఇంట్లోనూ ఇంతేనమ్మా. నా మాట ఎవరూ చెవిలోకి రానివ్వరు. ఇప్పుడు యంత్రం కూడా వాళ్లతో కలిసిపోయింది," అన్నారు.

ప్రోగ్రాముకి లోకంలోని చెత్త తెలుసు గానీ ఈ ఆఫీసు భాష తెలియదు. అది నేర్పాలి. మంచి ఉత్తరాలు కనీసం రెండు వందలు, చెడ్డవి రెండు వందలు చూపిస్తే గానీ సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టదని దాని పుస్తకంలో ఉంది. మంచివి అక్క జాగ్రత్తగా దాచింది. చెడ్డవాటిని ఏ రోజుకారోజు చెరిపేసేది. వాటికోసం సర్వర్లో వెతుకుతుంటే, పాత కంప్యూటరతను కట్టిన ఫోల్డర్ ఒకటి ఒక మూల కనిపించింది. కొన్ని మాటలున్న ఉత్తరాలు ఎవరి కంటా పడకుండా నేరుగా అందులోకి పోయేలా అతనొక నియమం రాసి పెట్టాడు. మూడేళ్ల చెత్త, నాలుగు వేల పైచిలుకు. ఒక్కసారి కూడా ఎవరూ తెరవలేదు.

అదంతా ఒక్క దెబ్బతో నేర్పేయొచ్చు. కానీ చూడకుండా నేర్పొద్దని పుస్తకం మరీ మరీ చెప్పింది. మంచి ఉత్తరాన్ని చెడ్డదని నేర్పితే, ఆ రకం ఉత్తరాలన్నింటినీ యంత్రం అదే కంటితో చూస్తుంది. అందుకని గురువారం ఆమె ఒక్కొక్కటీ చూడ్డానికి కూర్చుంది.

ఆ రోజు షెడ్డులో కరెంటు వైర్లు మారుస్తున్నారు. పనిలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మావయ్య, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏంటమ్మాయ్, పొద్దుటినుంచీ అలా కళ్లప్పగించి కూర్చున్నావు?"

"దీనికి మంచీ చెడ్డా నేర్పుతున్నా మావయ్యా."

"నీకు నేర్పడానికే మీ అమ్మకి ఇరవై ఏళ్లు పట్టింది. దీనికెన్నాళ్లట?"

"నువ్వు సాయం చేస్తే రెండ్రోజులు."

పక్కనున్న ఖాళీ కంప్యూటర్ ముందు ఆయన్ని కూర్చోబెట్టింది. చెత్తయితే ఈ మీట, మంచిదైతే ఆ మీట, అనుమానమొస్తే నన్నడుగు అంది. మావయ్య కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పెదాలు కదుపుతూ ప్రతి ఉత్తరాన్నీ మొదటినుంచి చివరిదాకా చదవడం మొదలుపెట్టాడు.

"పూర్తిగా చదవక్కర్లేదు మావయ్యా. పై వరస చూస్తే తెలిసిపోతుంది."

"ఎవరో కూర్చుని రాశారు కదే, పాపం." కాసేపాగి మళ్లీ అన్నాడు. "ఇదిగో, ఎవరో జమీందారిణట. మొగుడు పోయాడట. ఆస్తంతా నాకే రాసిస్తానంటోంది. 'ప్రియమైన మిత్రమా' అని పిలిచింది. మీ అత్తయ్య ముప్పై ఏళ్లలో ఒక్కసారి అలా అన్న పాపాన పోలేదు."

"చెత్త మీట నొక్కు."

"నొక్కుతున్నాలే. మీ అత్తయ్యకి చెప్పకు."

ఆ ఫోల్డర్లో ఎక్కువ భాగం జూదం ఉత్తరాలు. 'చక్రం తిప్పండి, బహుమతి గెలవండి' అని రకరకాల రంగుల్లో ఒకటే పాట. మావయ్య వేలు మీట మీద తాళం వేసినట్టు పడుతూ పోయింది. భోజనాల వేళకి ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి సర్వరమ్మ తల తిప్పి చూసింది. ఆయన తెరకి బాగా దగ్గరగా వంగి ఉన్నాడు.

"దీనికి ఏ మీట నొక్కాలే?" అన్నాడు.

ఆమె కుర్చీ జరుపుకుని చదివింది.

'అయ్యా, నేనొక బడిలో ఆటల మాస్టారిని. ఏటి ఒడ్డు పార్కులో మీరు బిగించిన తిరుగుడుబల్ల చూశాను. నేలకు సమానంగా ఉండడంవల్ల చక్రాల కుర్చీ నేరుగా దానిమీదికి వెళ్తోంది. మా బడిలో కుర్చీల్లో తిరిగే పిల్లలు నలుగురున్నారు. మిగతావాళ్లు ఆడుతుంటే వీళ్లు స్కోరు రాస్తుంటారు. వీళ్లకి స్కోరు రాసి రాసి విసుగొచ్చింది. అలాంటి బల్ల మాకూ ఒకటి కావాలి. వివరాలు పంపగలరు.'

ఎనిమిది నెలల కిందటి ఉత్తరం.

ఆ తిరుగుడుబల్ల మావయ్య సొంత ఆలోచన. గుండ్రటి ఇనప బల్ల, చుట్టూ పట్టుకోవడానికి కమ్మీలు, కుర్చీ కదలకుండా బిగించే కొక్కేలు. నాలుగేళ్ల కిందట షెడ్డు నేలమీద సుద్దముక్కతో గీసి, వారం రోజులు దాని చుట్టూ తిరిగి, ఒకే ఒక్కటి చేశాడు. రెండోది కావాలని ఎవరూ అడగలేదు. రెండేళ్లు చూసి పెద్దాయన దాన్ని కేటలాగులోంచి తీసేశారు. మావయ్య మళ్లీ కొత్తవేవీ గీయలేదు.

సర్వరమ్మ పాత నియమాన్ని తెరిచింది. ఆపాల్సిన మాటల జాబితాలో మొట్టమొదటి మాట 'చక్ర'.

"జూదం చక్రాన్ని ఆపడానికి పెట్టాడు మావయ్యా. చక్రాల కుర్చీ కూడా దాంట్లో పడిపోయింది."

వెంటనే 'కుర్చీ' అని కొట్టి ఫోల్డరంతా వెతికింది. ఇరవై మూడు ఉత్తరాలు. రాసినవాళ్లు పదిహేడుమంది. ఒక ఆసుపత్రి, రెండు పార్కుల సంఘాలు, కొందరు అమ్మలు, ఒక తాతగారు. ఆటల మాస్టారే మూడు రాశాడు. మూడోది చాలా చిన్నది. 'జవాబు లేదు. బల్ల సంగతి తర్వాత, ముందు మీ ఒంట్లో ఎలా ఉందో చెప్పండి.'

ఇరవై మూడూ చదివాక మావయ్య అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, లేచి వెళ్లిపోయాడు. ఆయన బాధపడ్డాడేమోనని సర్వరమ్మ ఉండబట్టలేక షెడ్డుకి వెళ్లింది. లోపల చీకటి. తలుపు దగ్గర వెలుతురులో మావయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. బీరువా వెనకనుంచి తిరుగుడుబల్ల పాత రేకు అచ్చులు లాగి, మెడలోని తువ్వాలుతో దుమ్ము తుడుస్తున్నాడు.

"ఒక అంచు వంగింది," అన్నాడు తలెత్తకుండా. "సుత్తితో సరిచేయొచ్చు." ఇంకాస్త తుడిచి, "బాగా చెయ్యలేదేమో, అందుకే ఎవరూ అడగలేదేమో అనుకున్నానే ఇన్నాళ్లూ," అన్నాడు.

"బాగానే చేశావు మావయ్యా."

"ఇరవై మూడుమంది చెప్పారు, నువ్వొకతెవి చెప్పాలా?" అని ఆయన మొహమంతా విప్పారేలా నవ్వాడు. లెక్క తప్పని చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు.

పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయన బల్లమీది పేపర్‌వెయిట్ తిప్పుతూ విన్నారు. "ఆ మాట పెట్టించింది నేనేనమ్మా. ఓసారి పెద్ద ఆర్డరిచ్చే పార్టీ వచ్చింది. ప్రొజెక్టరుతో గోడమీద డ్రాయింగు వేసి చూపిస్తుంటే మధ్యలో ఆ జూదం ఉత్తరం ఊడిపడింది. డాన్సులు, డప్పులు. చక్రం అనే మాట మళ్లీ నా కంటబడకూడదన్నాను. కుర్రాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు." తలుపు దగ్గర నిలబడ్డ మావయ్య వైపు చూసి, "నన్ను నాలుగు తిట్టు మేస్త్రీ," అన్నారు.

"తిడితే పనవుతుందా సార్. రెండంగుళాల పైపు తెప్పించండి," అన్నాడు మావయ్య.

మర్నాడు అక్క ఫోన్ల పని అందుకుంది. పదిహేడుమందిలో ఏడుగురు వేరే ఏర్పాటు చేసుకున్నారు. ఆరుగురు ఇంకా కావాలన్నారు. ముగ్గురు ఆలోచించి చెప్తామన్నారు. చిక్కంతా ఆటల మాస్టారితో వచ్చింది. అక్క "నమస్కారమండీ, మీరు ఒక ఉత్తరం" అనేలోపు, "మాకేమీ వద్దమ్మా" అని పెట్టేశాడు. రెండోసారి చేస్తే, "మాకు ఏ లాటరీలూ తగలక్కర్లేదు" అని పెట్టేశాడు.

"మనకంటే ఈయన ఫిల్టరే గట్టిగా ఉంది," అంది అక్క.

మావయ్య ఫోను తీసుకున్నాడు. అవతల "హలో" అనగానే ఈయన ఉపోద్ఘాతమేదీ లేకుండా, "మాస్టారూ, నాకు ఒంట్లో బాగానే ఉంది," అన్నాడు.

అంతే, అవతల మనిషి నవ్విన నవ్వు గది ఆ చివరికి వినిపించింది.

ఈలోపు సర్వరమ్మ పాత నియమాన్ని తీసేసింది. ఆ ఇరవై మూడు ఉత్తరాలను మంచివాటితో కలిపి ఫిల్టరుకి నేర్పింది. బహుమతి పక్కన చక్రం వస్తే ఒక సంగతి, పిల్లల పక్కన, బడి పక్కన వస్తే ఇంకో సంగతి అని అది నాలుగురోజుల్లో పట్టేసింది. అయినా ఆమె తన భయాన్ని వదులుకోలేదు. వారానికోసారి చెత్త ఫోల్డర్ తెరిచి తన కళ్లతో చూడడం పనిలో భాగం చేసుకుంది. తర్వాతి సోమవారం అక్క ఇన్‌బాక్స్ తెరిస్తే ముప్పై ఒక్క ఉత్తరాలు, అందులో ముప్పై వాళ్లవే. తప్పించుకొచ్చిన ఒక్కటీ బట్టతల నూనె. అక్క దాన్ని చెరపకుండా, పైన 'అత్యవసరం' అని పెట్టి పెద్దాయనకు పంపింది.

ఆరు వారాలకు బల్ల తయారైంది. ఒక శనివారం పొద్దున ఆఫీసంతా వ్యాను ఎక్కి బడికి వెళ్లింది. ముందే తవ్వి సిమెంటు పోసిన గుంటలో బల్లని దించి, మావయ్య నేలమీద పడుకుని, బల్ల అంచుకీ నేలకీ మధ్య వేలు పెట్టి చుట్టూ చూసుకున్నాడు. ఆటల మాస్టారు ఆయనకంటే పొట్టి మనిషి. మెడలో ఈల, చేతిలో నీళ్ల సీసా. మావయ్య లేవగానే సీసా చేతికిచ్చి, "మనిషిని చూశాను, ఇప్పుడు నమ్మకం కుదిరింది," అన్నాడు.

పిల్లల్లో మొదట ఒక తొమ్మిదేళ్ల పిల్ల ముందుకొచ్చింది. జడలో పెన్సిల్ దోపుకుంది. కుర్చీని బల్ల చుట్టూ ఒక చుట్టు తిప్పి, అన్నీ పరిశీలించి అడిగింది.

"తాతయ్యా, దీనికి బ్రేకుందా?"

"ఉందమ్మా."

"ఎందుకు?"

మావయ్య ఆ పిల్లని బల్లమీదికి తీసుకెళ్లి, కుర్చీ కొక్కేలు బిగించి, మిగతా ముగ్గుర్నీ ఎక్కించి, మెల్లగా తోశాడు. బల్ల చప్పుడు లేకుండా తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు.

"ఇంతేనా?" అంది ఆ పిల్ల.

మావయ్య మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఆకాశంలోకి చూశాడు. మావయ్య వంగి కింద బ్రేకు నట్టుని అర చుట్టు వదులు చేసి, ఈసారి భుజం పెట్టి తోశాడు. నలుగురి జుట్టూ వెనక్కి ఎగిరింది. కేకలు బడి గోడ దాటి వీధిలోకి పోయాయి. ఆ తర్వాత కుర్చీల్లో లేని పిల్లలు వచ్చి వరస కట్టారు. అక్క ఎక్కింది. పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కారు. సర్వరమ్మ కమ్మీ పట్టుకుని తలెత్తితే, చెట్లూ గోడలూ మావయ్య మొహం ఒకదాని వెనకొకటి చుట్టూ పరుగెడుతున్నాయి. ప్రతి చుట్టులో మావయ్య మొహం ముందుకంటే ఇంకాస్త నవ్వుతోంది.

చివరికి పిల్లలు ఆయన్ని కూడా వదల్లేదు. పెన్సిల్ పిల్ల చెయ్యి పట్టి లాగింది. తను చేసిన బల్లమీద తను తిరగడం ఆయనకదే మొదటిసారి. ఎనిమిది చుట్లు తిరిగి దిగి, నాలుగడుగులు వంకరగా వేసి, గడ్డిమీద వెల్లకిలా పడిపోయాడు. పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు.

పిల్ల కుర్చీ తోసుకుంటూ వచ్చి ఆయన పక్కన ఆగింది. "మళ్లీ తొయ్యి తాతయ్యా."

"ఉండమ్మా, ఒక్క నిమిషం. భూమి ఆగనీ."

"అది ఆగదు," అంది పిల్ల. "మాకు బడిలో చెప్పారు. లే."

మావయ్య లేచాడు.