మూడో వరుస

నేను ఒక మార్కుల పత్రాన్ని. మూడేళ్ల బీఎస్సీ చదువును రెండు పేజీల్లో సర్దుకుని, విశ్వవిద్యాలయం ముద్ర వేయించుకుని, సీలు కవర్లో దేశం దాటిన కాగితాన్ని. ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు నన్ను.

నేను పుట్టింది రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగంలో. తలారి హరిణి అనే అమ్మాయి పదకొండు రోజులు కిటికీ దగ్గర నిలబడితే పన్నెండో రోజు నన్ను అచ్చేశారు. "కవరు తెరవొద్దు తల్లీ, నేరుగా పోస్టులో వెయ్యి" అని గుమాస్తా రెండుసార్లు చెప్పాడు. హరిణి నా ముఖం చూడనేలేదు.

ఆమెది ఆదోని. తండ్రి ఓబులేసు పత్తి మిల్లులో బేళ్లు కడతాడు. ఆ దూది దుమ్ము పీల్చీ పీల్చీ వాళ్ల వీధిలో మగవాళ్లు నలభై ఏళ్లకే దగ్గుతో కూలబడతారు. ఎవరు ఎన్నేళ్లు ఏ మిషను దగ్గర పనిచేశారు, దగ్గు ఎప్పుడు మొదలైంది అని హరిణి ఇంటింటికీ తిరిగి రెండు నోటుపుస్తకాలు నింపింది. అయితే ఆ లెక్కను డాక్టర్లూ అధికారులూ కాదనలేని విధంగా తేల్చడం ఆమెకు తెలియదు. అది నేర్పే ఎమ్మెస్సీ బ్రిటన్‌లో ఒకచోట ఉంది. సీటు ఇచ్చినట్టు ఉత్తరం చూపిస్తే ఖర్చంతా ప్రభుత్వ పథకమే భరిస్తుంది.

నా చివరి గడిలో ఉన్న అంకె 63.4, దాని పక్కన ర్యాంకు 1. మా విశ్వవిద్యాలయంలో మార్కులు వెయ్యడమంటే పేపరు దిద్దేవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే స్టాటిస్టిక్స్ శాఖ పెద్ద వెంకటరమణప్ప గారు ఒక ఉత్తరం రాసి నాతోపాటు అదే కవర్లో పెట్టించారు. "పదకొండేళ్లలో మా శాఖలో అరవై అయిదు దాటినవారు లేరు. ఈ ఏడాది ఈ అమ్మాయిదే మొదటి స్థానం" అని అందులో ఉంది.

బ్రిటన్‌లో నన్ను కవర్లోంచి తీసింది డేనియల్. ప్రవేశాల ఆఫీసులో కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగి. నన్నూ ఉత్తరాన్నీ చదివి తన పై అధికారిణి పామ్ దగ్గరకు తీసుకెళ్లాడు.

"పట్టికలో చూశావా?" అని అడిగింది ఆమె.

గోడకు ఒక పట్టిక ఉంది. భారతీయ విశ్వవిద్యాలయాలన్నీ అందులో మూడు వరుసలు. మొదటి వరుసలో చదివినవాళ్లకు యాభై అయిదు శాతం వస్తే చాలు. రెండో వరుసకు అరవై కావాలి. మూడో వరుసకు అరవై అయిదు. ఈ మూడు అంకెలకూ అక్కడ విలువ ఒక్కటే.

"మూడో వరుస. అరవై అయిదు కావాలి" అన్నాడు డేనియల్. "కానీ ఈ ఉత్తరం చూడండి. వాళ్ల దగ్గర ఎవరికీ అన్ని మార్కులు రావట. అసలు ఈ వరుసలు ఎవరు పెట్టారు?"

"నేనే. కమిటీవాళ్లు అడిగారు, ఇండియా సంగతి నీకు తెలుసు కదా అని."

"ఈ విశ్వవిద్యాలయం మీకు తెలుసా?"

"పేరు విన్నాను" అంది పామ్. నన్నూ ఉత్తరాన్నీ సొరుగులో పడేసింది.

సొరుగు అడుగున నాకు ఒక చుట్టం దొరికింది. పసుపెక్కిన పాత మార్కుల పత్రం. తలమీద అచ్చం నాకున్న ముద్రే. పేరు సి. పద్మావతి, ఊరు ఆదోనికి దగ్గర్లోని ఎమ్మిగనూరు, మార్కులు యాభై ఏడు శాతం.

పామ్ అంటే పద్మావతే. పాతికేళ్ల కిందట ఆ యాభై ఏడుతోనే ఆమె ఇక్కడికి దరఖాస్తు పెట్టుకుంది. అప్పట్లో పట్టిక లేదు. ఒక ముసలి ప్రొఫెసరు ఆమె రాసిన వ్యాసం చదివి, మార్కుల మాట తర్వాత, ముందు ఈ అమ్మాయిని రానివ్వండి అన్నాడట. ఆ తర్వాత ఆమె పద్మావతి అన్న పేరును కుదించుకుంది. సొంత ఊరు చెన్నై అని అందరికీ చెప్పుకుంది. కమిటీ పట్టిక వేయమన్నప్పుడు తను చదివిన చోటును మూడో వరుసలో కూర్చోబెట్టింది. దాన్ని పైన పెడితే ఎందుకని ఎవరైనా అడుగుతారని భయం.

నాలుగు రోజులకు హరిణి ఫోన్ చేసింది. డేనియల్ సెలవులో ఉన్నాడు. పామ్ స్పీకరు నొక్కి, నన్ను ముందు పెట్టుకుని, ఇంగ్లీషులో వివరం చెప్పింది. ఉత్తరం చదివాం, నిబంధన మారదు అంది. అవతలి నుంచి తెలుగులో ఒక మగగొంతు వినబడింది.

"ఏమంటాంది పాపా?"

"మార్కులు సాలవంట నాయనా."

"మన కాడ తక్కువేస్తారని చెప్పు."

"చెప్పినా. అయినా కుదర్దంట."

"అట్లయితే ఆయమ్మనే అడుగు, ఇంగేం జేస్తే అయితాదో. కాళ్లు పట్టుకుంటామని చెప్పు."

"ఆయమ్మకేం తెలుస్తాది నాయనా! మన తట్టు ఎప్పుడన్నా చూసింటే కదా."

ఆ తర్వాత ఓబులేసు దగ్గు. ఆగకుండా వచ్చే పొడిదగ్గు. నా అంచు మీదున్న పామ్ వేలు బిగుసుకుంది. ఒక్క తెలుగు మాట అంటే చాలు. ఆమె నోరు తెరవడం నేను చూశాను.

"మిస్ తలారి, ఇంకేమైనా సహాయం కావాలా?" అంది ఇంగ్లీషులో.

"నో మేడమ్. థాంక్యూ మేడమ్" అంది హరిణి.

పామ్ ఫోన్ పెట్టేసింది. తర్వాత ఒక ఫారం తీసింది. తక్కువ మార్కులొచ్చినా అర్హత ఉందనిపిస్తే ప్రొఫెసర్ల పరిశీలనకు పంపే ఫారం అది. హరిణి పేరు రాసింది. వెంకటరమణప్ప గారి ఉత్తరాన్ని పిన్నుతో గుచ్చింది. అడుగున ఒక ప్రశ్న ఉంది: అభ్యర్థితో గానీ, ఆమె చదివిన సంస్థతో గానీ మీకు సంబంధం ఉందా? కలం అక్కడ ఆగిపోయింది. ఉంది అని రాస్తే డేనియల్ చదువుతాడు, కమిటీ చదువుతుంది. లేదు అని రాయడానికి ధైర్యం చాలలేదు. పిన్ను ఊడదీసి ఫారం చింపేసింది. కంప్యూటరులో తిరస్కరణ నొక్కింది.

ఆరునెలలకు హరిణి నుంచి ఒక మెయిలు వచ్చింది. హైదరాబాదులో ఒక కోర్సుకు దరఖాస్తు చేస్తున్నాననీ, నెలాఖరులోగా ట్రాన్‌స్క్రిప్టు కావాలనీ, ఇంకో ప్రతికి రెండు నెలలు పడుతుందని తమ విశ్వవిద్యాలయం అంటోందనీ, దయచేసి అక్కడున్న ప్రతినే, అంటే నన్నే, తిరిగి పంపమనీ అడిగింది. చివర ఒక వాక్యం: 'మా నాన్న జూన్‌లో చనిపోయారు, అందుకే ముందుగా రాయలేకపోయాను.'

డేనియల్ పోస్టు కవరు మీద ఆదోని చిరునామా రాసి మరీ తెచ్చాడు.

"అందిన పత్రాలు తిరిగి ఇవ్వం. నిబంధన ఉంది కదా" అంది పామ్.

"ఒక్క కాగితమే కదా!"

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు."

తర్వాతి వసంతకాలంలో పట్టికను సరిచూసే కమిటీ కూర్చుంది. హరిణి చదివిన విశ్వవిద్యాలయాన్ని రెండో వరుసకు మార్చాలని డేనియల్ ప్రతిపాదించాడు. దానికి జవాబు రాసే పని పామ్‌కే వచ్చింది. ఆమె నన్ను సొరుగులోంచి తీసింది. వెంకటరమణప్ప గారి ఉత్తరాన్ని ముక్కలు చేసే యంత్రంలో పెట్టింది. తర్వాత ఇలా టైపు చేసింది: 'ఈ సంస్థ నుంచి గత అయిదేళ్లలో అర్హత సాధించిన అభ్యర్థి ఒక్కరూ లేరు. మొదటి స్థానం పొందిన విద్యార్థిని సైతం కనీస ప్రమాణాన్ని అందుకోలేదు. మూడో వరుసలోనే కొనసాగించవచ్చు.'

ఆధారం జతచేయాలన్న చోట నన్ను పెట్టి స్టేప్లరు నొక్కింది.