వ్యాను వెనక పరిగెత్తినావిడ

ఎడిటరమ్మ అని ఆమెకు పేరు పెట్టింది యూనిట్ వాళ్ళే. పదిహేనేళ్ళు సీరియళ్ళకు కత్తెర వేసి వేసి, ఎవరు ఏ మాట మింగేశారో పెదవులు చూసి చెప్పగలిగే మనిషి. తమ్ముడు మొదటి సినిమా తీశానని వస్తే మారుమాట లేకుండా కూర్చుని ఎడిట్ చేసిపెట్టింది. చాలా చిన్న సినిమా. ముగ్గురు స్నేహితులు పాత వ్యానులో పెద్ద పరుపు ఒకటి వేసుకుని, దాన్ని ఒకడి అక్కగారింటికి చేర్చడానికి బయల్దేరతారు. బండి ఎడమవైపు తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే మోగుతుంది. కథంటే అంతే, మిగతాదంతా నవ్వులే.

ఒక ఆదివారం పొద్దున చిన్న హాల్లో నలభై మందికి తొలి కాపీ వేశారు. తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా వద్దని తమ్ముడు పట్టుబట్టాడు.

"మనవాళ్ళు మొహమాటానికి నవ్వుతారక్కా. ముక్కూమొహం తెలియనివాళ్ళు నవ్వాలి."

నవ్వారు. పొట్టలు పట్టుకుని నవ్వారు. అయ్యాక తలా ఒక కాగితం ఇచ్చి తోచింది రాయమన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్ళు ఆ కట్ట ముందేసుకుని కూర్చున్నారు.

'హారన్ సీను అదిరింది. రెండో పాట తీసేయండి.'

'బట్టతలాయన కుమ్మేశాడు.'

'అంతా బాగుంది గానీ, వ్యాను వెనక పరిగెత్తిన ఆవిడ ఎవరో చెప్పనేలేదు.'

'ఆవిడ అంతలా చెయ్యి ఊపుతుంటే బండి ఆపకుండా నవ్వుకుంటూ పోవడం కామెడీయా?'

ఎడిటరమ్మ మిగిలినవి గబగబా తిరగేసింది. సగానికి పైగా కాగితాల్లో ఆవిడ ఉంది.

"ఎవర్రా ఈవిడ?"

"ఒకడు రాసుంటాడు, పక్కవాళ్ళు చూసి దించేసుంటారు," అన్నాడు తమ్ముడు. కాగితాల అంచులు సర్దుతూ తలెత్తలేదు.

ఆమె సిస్టమ్ ముందు కూర్చుని, వ్యానులో ముగ్గురూ నవ్వుకునే ఆ నాలుగు నిమిషాల హారన్ సీనూ ఫ్రేము ఫ్రేముగా చూసింది. కెమెరా బానెట్ మీద బిగించి ఉంది. అద్దంలోంచి ముగ్గురి మొహాలు, వాళ్ళ వెనక నిలువుగా కుక్కిన పరుపు. వెనకద్దం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుపుతోనే మూసుకుపోయి ఉంది. రోడ్డు కనబడదు. రోడ్డు మీద మనిషి కనబడే ప్రశ్నే లేదు.

"ఆ సీను ఎత్తెయ్యి," అన్నాడు తమ్ముడు మర్నాడు.

"హాలంతా పడీపడీ నవ్వింది దానికేరా."

"ఎత్తెయ్యమంటున్నాగా అక్కా."

ఎత్తేసింది. మరుసటి ఆదివారం వేరే నలభై మందిని పిలిచారు. ఈసారి ఎడిటరమ్మ చివరి వరుసలో కూర్చుని, తెర మానేసి జనాన్ని చూడసాగింది. ముగ్గురూ టీ కొట్టులో కూర్చుని ఒకే బిస్కెట్ కోసం కొట్టుకునే సీను వచ్చింది. నవ్వుతున్న హాలు ఉన్నట్టుండి సద్దుమణిగింది. నలభై తలలూ ఒక్కసారే, కొంచెం, ఎడమవైపుకు తిరిగాయి. ఆమె కూడా తెర మీద అటే చూసింది. టీ కొట్టు కిటికీ, అవతల ఎండ. ఇంకేమీ లేదు. కాసేపటికి తలలు మళ్ళీ ఇటు తిరిగాయి, మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి.

ఆ రోజు కాగితాలు హాల్లోనే నిలబడి చదివింది.

'టీ కొట్టు కిటికీ దగ్గర నిలబడ్డ ఆవిడ చూపు ఇంకా నన్ను వదల్లేదు.'

'పాపం, ఒక కాలికి చెప్పు లేదు.'

'చేతులకి ఆ నెత్తురేమిటి? నవ్వించే సినిమాలో ఇదేం పని?'

కట్ట పట్టుకుని తిన్నగా కెమెరామన్ ఇంటికి వెళ్ళింది. అతను లెన్సులు తుడుచుకుంటున్నాడు. చెప్పు సంగతి చదవగానే చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"షూటింగుకి మీరు రాలేదు కదక్కా," అన్నాడు. "నేను ముందు సీటు కింద నక్కి కూర్చున్నా. పక్కద్దంలో కనబడింది. లారీల తూకం కాటా దాటాక ఒక మలుపుంది, అక్కడ. చెయ్యెత్తి బండి వెంట పరిగెత్తింది. చెప్పు ఊడిపోయింది, అయినా పరిగెత్తింది. ఆపుదామన్నా. నా పక్కనే ఉన్న మీవాడు కిటికీలోంచి వెనక్కి తొంగి చూసి, టేకు బాగా వస్తోంది, వెలుగు పోతే మళ్ళీ రాదు, కట్ చెప్పనన్నాడు. వాళ్ళు ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. నేనూ ఇంకోమాట అనలేదు."

ఎడిటరమ్మ ఇంటికొచ్చి తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. "పొద్దున్నే బయల్దేరు. ఆ మలుపు నాకు చూపించు," అంది. అతను కాదనలేదు.

తూకం కాటా దాటాక మలుపులో ఒక పంక్చర్ షాపు ఉంది. నీళ్ళతొట్టి ముందు పీట వేసుకుని ఒకావిడ ట్యూబుని ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయా అని చూస్తోంది. వాళ్ళు వచ్చి నిలబడితే, తల తిప్పి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"మీది పరుపు బండి కదూ," అంది.

తమ్ముడు తలూపాడు.

"మా ఆయన లారీ టైరుకి గాలి కొడుతుంటే రిమ్ము ఎగిరొచ్చి గుండెలకి తగిలింది. లారీవాడు ఉన్నపళాన పారిపోయాడు. మనిషిని ఒళ్ళో వేసుకుని ఎంతసేపని కూర్చోను? రోడ్డెక్కా. ఏడు బళ్ళు ఆగకుండా పోయాయి. ఆరు గుర్తు లేవు. మీ బండిలో నవ్వుతున్నారు." ట్యూబు మీద బుడగ లేచిన చోట సుద్దముక్కతో గీత గీసింది. "తర్వాత పాలవ్యాను అతను ఆపాడు. అప్పటికి అయిపోయింది."

ఎడిటరమ్మ వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పేసింది. సినిమా సంగతి, కాగితాల సంగతి. ఆవిడ చేతులు తుడుచుకుని, చూపించమంది. ఎత్తేసిన సీను లాప్‌టాప్‌లో పెట్టారు. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది.

"నేను లేనుగా ఇందులో."

"లేరు."

"మరి వాళ్ళకెలా కనబడ్డాను?"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

"ఏం రాశారో చదవండి," అంది ఆవిడ. ఎడిటరమ్మ కాగితం తీయబోతే చేత్తో ఆపింది. "మీరొద్దు. అతన్ని చదవమనండి."

తమ్ముడు చదివాడు. రెండో పాట తీసేయమన్నది చదివాడు, బట్టతలాయన సంగతి చదివాడు. 'ఎవరూ ఆగలేదేం' అన్న కాగితం దగ్గర ఆవిడ, "అది ఇంకోసారి," అంది. చదివాడు. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివాక కాగితం మడిచాడు.

"అమ్మా, నన్ను క్ష..."

"ఆ మాట అడక్కు బాబూ. అడిగితే నేను ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది." పీట మీద మళ్ళీ కూర్చుంది. "సీను ఎందుకు తీసేశారు? పెట్టండి. ఆ రోజు మీరు నవ్విన నవ్వు అదే కదా. ఉండనివ్వండి."

పెట్టారు. నెల తర్వాత మూడోసారి వేశారు, ఇంకో నలభై మందికి. అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. వ్యాను మలుపు తిరిగింది, హారన్ మోగింది, హాలు గొల్లున నవ్వింది. ఒక్క తలా పక్కకి తిరగలేదు. తర్వాత చూస్తే కాగితాల్లో ఆవిడ ఊసే లేదు. రెండో పాట తీసేయమని మాత్రం అందరూ రాశారు.

అయితే ఆ నాలుగు నిమిషాలూ ఎడిటరమ్మ సినిమా చూడలేదు. ఆ నవ్వుల మధ్య తమ్ముడు మెడ వెనక్కి తిప్పి, ఖాళీ వరుసల మీదుగా ఎవరినో దూరం అవుతుంటే చూస్తున్నట్టు చూస్తున్నాడు. కాళ్ళు రెండూ బ్రేకు మీద ఉన్నట్టు నేలని గట్టిగా తొక్కిపట్టాయి. "ఆపండి," అంటున్నాయి పెదవులు. గొంతు బయటికి రాలేదు గానీ, ఆమెకి పెదవులు చదవడం వచ్చు. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి, సీను అయిపోయేదాకా తీయలేదు.