సైదాబీ ఇంట్లో ఇసుక టబ్బు

వాకిలి ఊడ్చాక ఒక్క కోడి అడుగు పడినా ఆ కోడి ఎవరిదో కనుక్కుని మరీ తిట్టే మనిషి సైదాబీ. ఉచ్చ అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ‘అది’ అనేది, అదీ ముక్కు తిప్పుకుని. అలాంటి మనిషి ఇంట్లో పిల్లి ఉందంటే దాచేపల్లిలో సగంమంది నమ్మలేదు.

తల్లి పిల్లి సిమెంటు లారీ కింద పడితే, రోడ్డు పక్కన అరుస్తున్న కూనను మనవరాలు హుమేరా ఎత్తుకొచ్చింది. షేరు అని పేరు పెట్టింది. గడప దాటనివ్వకూడదని, వంటింటి వెనక పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి పెట్టింది. ఎవరూ నేర్పకుండానే షేరు అందులో పని కానిచ్చి, కాలితో ఇసుక కప్పేసి వచ్చేది.

“పిల్లి పాకే, శుద్ధమైన జీవే. దాని పని పాకు కాదు,” అనేది సైదాబీ. ఐదు పూటలా నమాజు చేసుకునే ఇల్లాయె. అందుకని పూటపూటకీ టబ్బును ఫినాయిలుతో కడిగి, కొత్త ఇసుక మీద కూడా నాలుగు చుక్కలు చల్లేది. ఆ పనిలో ఆమెకు పోటీ లేదు, పోటీ పడాలని ఎవరికీ లేదు కూడా.

ఎండలు ముదిరేసరికి షేరు బుద్ధి గడ్డి తిన్నది. టబ్బు మానేసి ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి బియ్యం బస్తా పక్కన, ఆఖరికి సైదాబీ నమాజు చేసుకునే చాప మీదే పోసింది.

“ఇంకొక్కసారి చేసిందంటే జానకిరామయ్య బియ్యం మిల్లులో ఇడిచిపెట్టొస్తా. ఎలకల్ని తిని బతుకుద్ది,” అంది సైదాబీ.

“ఆ మిల్లు ముందంతా లారీలే దాదీ,” అని హుమేరా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అనడానికి అంది గానీ, సైదాబీ మనసును ఒకటే ప్రశ్న తొలిచింది. ఇన్నాళ్ళు బుద్ధిగా ఉన్న జీవికి ఇప్పుడేం వచ్చింది? జపం చేసుకునే తస్బీ దండ చేత్తో పట్టుకుని, తలుపు చాటున కూర్చుని కాపు కాసింది. షేరు వచ్చింది. టబ్బు అంచున ముక్కు పెట్టింది. ముందుకాలు ఇసుకలో వేసి, వెంటనే తీసి విదిలించింది. కాసేపు అక్కడే తచ్చాడి వెళ్ళిపోయింది.

‘ఓహో, శుభ్రం చాల్లేదన్నమాట,’ అనుకుంది సైదాబీ. తనలాంటి పిల్లే దొరికిందని లోలోపల మురిసింది కూడా. ఆ పూట ఫినాయిలు రెట్టింపు పోసింది.

మర్నాడు పొద్దున షేరు గోడ మూలన ముడుచుకుని ముక్కుతోంది. ఒక్క చుక్క కూడా రావడం లేదు. పొట్ట రాయిలా ఉంది. ముట్టుకుంటే అరిచింది. ఇద్దరూ దాన్ని బుట్టలో పెట్టుకుని ఆటోలో గురజాల పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరు గోపిక పొట్ట తడిమి, మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసింది. “మగపిల్లికి దారి సన్నంగా ఉంటుంది మామ్మగారూ. మూసుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. టబ్బు దేంతో కడుగుతారు?”

“ఫినాయిలమ్మా. పూటపూటకీ,” అంది సైదాబీ, మెప్పు వస్తుందని.

డాక్టరు తల అడ్డంగా ఊపింది. “నీళ్ళు తక్కువ తాగినా ఇలా అవుతుంది, ఇదొక్కటే కారణమని చెప్పను. కానీ మనకి శుభ్రం అనిపించే వాసన దానికి ఘాటు, ఎండలకి మరీనూ. ఫినాయిలు పిల్లులకి విషం కూడా. అందులో కాలు పెట్టలేక బిగబట్టుకుని ఉంటుంది.”

సైదాబీ సిగ్గుతో చచ్చిపోయింది. షేరు చెప్తూనే ఉంది. తనకి అర్థమయ్యేలా చాప మీద కూడా చెప్పింది. తను తిట్టింది.

షేరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేలోపు ఫినాయిలు సీసా బయటికి పోయింది. కొత్త టబ్బు సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఉత్త ఇసుక పోశారు. రెండుచోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టారు. ఇక మళ్ళీ దారి మూసుకుపోకుండా ఉంటేనే షేరు బతికినట్టు. సైదాబీ టబ్బు ఎదురుగా పీట వేసుకుంది. మసీదు నుంచి సాయంత్రం నమాజుకి పిలిచే అస్ర్ అజాన్ వినబడింది. లేవలేదు.

షేరు వచ్చింది. వాసన చూసింది. కాలు పెట్టింది, విదిలించలేదు. ఇసుక గోకి, గుంట చేసుకుని కూర్చుంది. జీవితమంతా అలాంటి దానికి మొహం తిప్పుకున్న మనిషి ముందుకు వంగి చూసింది. అరచేయంత మేర ఇసుక తడిసింది.

“ఏమే హుమేరా, ఇటు రాయే,” అని ఈద్ నెలవంక కనబడినట్టు వీధి చివరిదాకా వినబడేలా పిలిచింది. “ఉచ్చ పోసిందే. చానా పోసింది.”