తీగలు కట్టిన డప్పు

సత్యనారాయణమూర్తి సంతకం లేనిదే ఒమాన్‌లోని నిజ్వా సైట్‌లోకి ఇటుక కూడా వచ్చేది కాదు. సిమెంటు, టైల్సు, తలుపు బందులు, చివరికి గోడకు కొట్టే మేకు కూడా ముందు నమూనాగా ఆయన బల్ల మీదకు రావాలి. ఆయన దాన్ని తిప్పి చూసి, గోకి చూసి, కాగితాలు అడిగి, ఆ తర్వాతే సరే అనేవాడు. పద్దెనిమిదేళ్లలో ఒక్క నాసి సరుకు కూడా ఆయన కళ్లుగప్పి లోపలికి పోలేదు. అలాంటి మనిషి తన సొంతానికి ఒక బాంజో కొనుక్కుని, దాన్ని దేనితో చేశారో ఏడాదిన్నరపాటు చూసుకోలేదంటే ఏమనాలి? దీపం కింద చీకటి అనాలి.

బాంజో సంగతి సముద్రం ఒడ్డునున్న ఖురంలో మొదలైంది. అక్కడి క్లయింటు ఆఫీసులో యాకూబ్ అని ఒక ఒమానీ ఇంజనీరు ఉన్నాడు. కెంటకీలో చదువుకుని, డిగ్రీతో పాటు ఒక గిటారునూ, బ్లూగ్రాస్ అనే అక్కడి కొండపల్లెల సంగీతాన్నీ వెంటబెట్టుకొచ్చాడు. ఒకరోజు మీటింగు అయ్యాక ఫోనులో ఒక పాట వినిపించాడు. అందులో బాంజో మోగింది. కుడిచేతి మూడు వేళ్లకు ఇనప గోళ్లు తొడుక్కుని తీగలను ఒకదాని వెంట ఒకటి గబగబా మీటుతూ పోతారు. పాట పరుగెడుతూ ఉంటుంది, బాంజో దాని ముందు పరుగెడుతూ ఉంటుంది. మూర్తికి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. ఆఫీసులో తను నవ్వి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"మా బృందంలో గిటారు నేను, ఫిడేలు నిసార్ అహ్మద్. బాంజోకే మనిషి లేడు," అన్నాడు యాకూబ్.

"ఆరు నెలల్లో నేర్చుకుంటాను," అన్నాడు మూర్తి. యాభై ఒక్క ఏళ్ల జీవితంలో, సంతకం పెట్టడానికి కాకుండా, వచ్చి మా పక్కన కూర్చో అని ఆయన్ను పిలిచినవాళ్లు లేరు మరి.

ఆరు నెలలు పోయాయి, ఏడాది పోయింది. మూర్తి ఫోనులో పాఠాలు చూసి పొద్దున గంట, సాయంత్రం గంట వాయించేవాడు. వేళ్లు ఎటు పోవాలో కంఠతా వచ్చింది. పాట మాత్రం రాలేదు.

"ఏవండీ, ఆ రేకుల షెడ్డు మీద వాన ఎప్పుడు వెలుస్తుందండీ?" అని వంటింట్లోంచి అడిగేది భార్య సుగుణ. కాకినాడ మనిషి, వాన సంగతి బాగా తెలిసినావిడ.

ఒక శుక్రవారం బీరువా తలుపు బాగుచేయడానికి కంపెనీ కార్పెంటరు దేవయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై అయిదు దాటినవాడు. తలుపు పని పది నిమిషాల్లో అయిపోయింది. మూర్తి వాయిస్తుంటే వింటూ, స్క్రూడ్రైవరు పట్టుకుని మరో అరగంట అక్కడే నిలబడ్డాడు.

"సార్, ఒక్కమాట జెప్పాల్నా?"

"తలుపు గురించేనా?"

"కాదు సార్. మీరు అల్కగున్న కాడ ఉరుకుతున్నరు. కష్టమున్న కాడ కూసుంటున్నరు."

మూర్తి మొహం మాడిపోయింది. "నీకు బాంజో తెలుసా?"

"తెల్వది సార్. గని గిది డప్పే గదా. తీగలు గట్టిండ్రు, గంతే." దేవయ్య దాన్ని వెనక్కి తిప్పి చూపించాడు. గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన తెల్లటి మూత. డప్పే. "మా నాయిన డప్పు గొట్టేటోడు. పదేండ్ల పోరగాన్నప్పటిసంది పెండ్లికి, సావుకు ఆయినెంబడి నేను గూడ గొట్టిన."

ఆ రోజు నుంచి శుక్రవారం శుక్రవారం పాఠం మొదలైంది. రెండు వారాలు దేవయ్య ఆయన్ను తీగల జోలికే పోనివ్వలేదు. తను ప్లైవుడ్ ముక్క మీద రెండు పుల్లలతో దెబ్బ వేస్తుంటే, మూర్తి హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి అడుగు తప్పకుండా నడవాలి. "మీటుడు ఎన్కసీరి సార్. ముందుగల్ల నడువుండ్రి." సైటంతటినీ గడగడలాడించే మనిషి లుంగీతో హాల్లో కవాతు చేస్తుంటే, పక్క ఫ్లాటువాళ్లు చూస్తారని సుగుణ కర్టెన్లు వేసేసేది.

మూడో వారం తీగలు ముట్టుకోనిచ్చాడు. "బొటనేలు మేస్త్రి సార్. మేస్త్రే లేటుగ వస్తే కూలోల్లు ఏంజేస్తరు? కూసొని చాయ్ తాగుతరు." ఏడాది పైగా ఏ వీడియో పాఠమూ చెప్పని మాట అది. మూర్తి మేస్త్రిని అదుపులో పెట్టాడు. ఇంకో రెండు నెలలకు, ఒక పొద్దున్నే, ఎనిమిది దెబ్బలు చేటలో బియ్యం చెరిగినంత సమంగా పడ్డాయి. మళ్లీ ఎనిమిది. మళ్లీ ఎనిమిది. మూర్తికి ఆపడం చేతకాలేదు. దేవయ్య పుల్లలు పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. వంటింట్లోంచి వాన సంగతి ఎవరూ అడగలేదు. ఎంత సంతోషమో ఆ మనిషికి! కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ సంతోషంలోనే కొంప మునిగే మాట ఒకటి దొర్లింది.

"ఏం తోలు సార్ గిది? మేకదా?" అని అడిగాడు దేవయ్య, మూత మీద వేలితో రాస్తూ.

"అమెరికా గొర్రెది," అన్నాడు మూర్తి. ఎవరు చెప్పారాయనకు? ఎవరూ చెప్పలేదు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడం అలవాటైన మనిషి, చెప్పేశాడు.

"మరి మంట మీద కాపుతలేరేంది? మా నాయిన కాపకుంట ఎన్నడు గొట్టలే. తోలు సల్లబడితే మొద్దుగ పలుకుతది."

"నిజ్వా గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడ అక్కర్లేదు."

దేవయ్య తలూపాడు. సారు మాట సారు మాటే.

అదే నెలలో యాకూబ్ ఫోను చేశాడు. ఖురం దగ్గర సీబ్‌లో ఒక పళ్ల డాక్టరు ఉన్నాడట, బాంజో బాగా వాయిస్తాడట, బృందంలోకి వస్తానంటున్నాడట. "వచ్చే శుక్రవారం మా ఇంట్లో భోజనాలు, నలభై మంది వస్తారు. నీ వంతు నువ్వు వాయించగలిగితే చోటు నీది. లేకపోతే ఏమీ అనుకోకు." ఈ సంగీతంలో అందరూ కలిసి వాయిస్తూ, మధ్యలో ఒక్కొక్కరూ తమ వంతు ఒంటరిగా వాయించాలి. యాకూబ్ తల ఊపగానే అందుకోవాలి, తడబడితే నలభై మందికీ తెలిసిపోతుంది. మూర్తికి ఆ వారం అన్నం సహించలేదు.

శుక్రవారం దేవయ్యను వెంట తీసుకుని బయల్దేరాడు. దేవయ్య కాలితో వేసే దెబ్బ కళ్లెదుట ఉంటే తాళం తప్పదని ధైర్యం. బాంజోను ఒళ్లో పెట్టుకుని దేవయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. ఖురంలో యాకూబ్ గుమ్మంలోనే ఎదురొచ్చి, ఈయనెవరని అడిగాడు.

"మా కంపెనీ కార్పెంటరు. సామాను పట్టుకోవడానికి వచ్చాడు," అన్నాడు మూర్తి.

దేవయ్య విన్నాడు. సామాను చేతిలోనే ఉంది మరి.

సముద్రపు గాలికి చొక్కాలు ఒంటికి అతుక్కుంటున్నాయి. దేవయ్య మూత మీద వేలితో తట్టి చూశాడు. మొద్దుగా పలికినట్టనిపించింది. మూర్తి అతిథులను పలకరించడానికి పోయాడు. పెరట్లో మాంసం ముక్కలు కాల్చే పొయ్యి, దాని నిండా ఎర్రటి నిప్పులు. సారు పరువు కదా, సారు చోటు కదా! దేవయ్య తన తండ్రిని తలుచుకుని బాంజోను నిప్పుల మీద పట్టాడు.

ముందు వాసన వచ్చింది. మాంసం వాసన కాదు.

మూర్తి పరుగున వచ్చేసరికి మూత ముడుచుకుపోయి, మధ్యలో పళ్లెమంత బొక్క పడి ఉంది. తీగలు వదులైన దండెం తాళ్లలా వేలాడుతున్నాయి. దేవయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"సార్... తోలు గాదు సార్. పిలాస్టిక్కు."

"అరె భాయ్, ఏం జేసినవ్!" అన్నాడు ఫిడేలు నిసార్ అహ్మద్. ఆయనదీ దేవయ్య వైపే.

ఇదెవరి పని అని అడిగాడు యాకూబ్. మూర్తికి ఒళ్లు మండిపోయింది. ఏడాదిన్నర బూడిదైంది. పళ్ల డాక్టరు కళ్లముందు మెదిలాడు. వేలెత్తి చూపిస్తే చాలు, పెరడంతా నమ్ముతుంది. మాట నోటిదాకా వచ్చింది. అమెరికా గొర్రె అడ్డొచ్చింది.

"నాదే," అన్నాడు మూర్తి. "అది తోలని ఈయనతో నేనే చెప్పాను. సరుకు చూడకుండా ఒప్పుకున్నాను."

యాకూబ్ వరండా గోడ వైపు చూశాడు. అక్కడ ఇంకో బాంజో వేలాడుతోంది. కెంటకీలో పాఠం చెప్పిన ముసలాయన ఇచ్చింది. అసలు తోలుది, కానీ ఖురం తేమకు ఏనాడూ బిగియలేదు, అలంకారానికే ఉంచానన్నాడు. దేవయ్య ఆ బాంజో దగ్గరికెళ్లి, దాని మూతను బొటనవేలితో నొక్కాడు.

"సార్, గిది దూడ తోలు. కాపితే పలుకుతది."

అందరూ ఒక్కసారిగా పొయ్యి వైపు చూశారు. యాకూబ్ ఆ బాంజో మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇవ్వండి," అన్నాడు మూర్తి. "నాకు బాంజో నేర్పింది ఈయనే."

"ఇందాక సామాను పట్టుకోవడానికి అన్నావు?"

"అబద్ధం చెప్పాను."

యాకూబ్ చెయ్యి తీశాడు. దేవయ్య నిప్పులకు మూరెడు ఎత్తున పట్టి, నెమ్మదిగా తిప్పుతూ, వేలితో తట్టి చెవి పెట్టి వింటూ, మళ్లీ తిప్పాడు. నలభై మంది మాంసం మరిచిపోయి చూశారు. అయిదారు నిమిషాలకు తోలు గంటలా ఖంగుమంది.

"జల్ది సార్. సల్లారితే మల్ల కుంగుతది."

నిసార్ అహ్మద్ ఫిడేలు ఎత్తుకున్నాడు, యాకూబ్ గిటారు అందుకున్నాడు. రెండు చరణాలయ్యాక యాకూబ్ తల ఊపాడు. మూర్తి చేతి వైపు చూసుకోలేదు. దేవయ్య కాలి వైపు చూశాడు. మేస్త్రి వేళకు వచ్చాడు. తేలికైన చోట ఉరకలేదు, కష్టమైన చోట కూర్చోలేదు. వంతు అయిపోయిందని కూడా తెలియక మూర్తి నవ్వుతూ ఇంకో ఎనిమిది దెబ్బలు ఎక్కువే వాయించాడు. ఒక్కో పాట కాగానే దేవయ్య బాంజో తీసుకుపోయి నిప్పుల మీద కాపి తెచ్చాడు. అది ఈ సంగీతపు ఆచారమే కాబోలనుకుని అతిథులు ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

అంతా అయ్యాక యాకూబ్ దేవయ్యను పక్కకు పిలిచాడు. మూర్తి అక్కడే ఉన్నా మాట్లాడింది దేవయ్యతోనే, హిందీలో. ఈ తోలు మోతను వదులుకోలేనన్నాడు. ప్రతి శుక్రవారం వచ్చి కాపిపెట్టగలవా అన్నాడు. ఇక బాంజో ఎవరు వాయించాలంటావా, ఇచ్చిన మాట ఉన్నా, పళ్ల డాక్టరు చెయ్యి ఇంకా వేగమట, నిదానంగా చూద్దామన్నాడు.

మూర్తి నేల చూపులు చూశాడు. దేవయ్య మూర్తి వైపు ఒకసారి చూసి, తనకొచ్చిన హిందీలోనే తాపీగా జవాబిచ్చాడు.

వస్తానన్నాడు. కానీ తనకు లైసెన్సు లేదన్నాడు. మూర్తి సారు బండి నడిపితేనే రావడం కుదురుతుందన్నాడు. మూర్తి సారేమో బాంజో వాయించేది లేకపోతే నిజ్వా నుంచి బండి తియ్యడన్నాడు.

యాకూబ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోను తీసి, ఇక రానక్కర్లేదని సీబ్ పళ్ల డాక్టరుకు కబురు పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో కాలిన బాంజో వెనక సీట్లో పడుకుంది. దేవయ్య కూడా అలవాటుగా వెనక తలుపే తీయబోయాడు.

"ముందు కూర్చో," అన్నాడు మూర్తి.

కూర్చున్నాడు. బండి ఊరు దాటింది. కొండలు మొదలయ్యాక దేవయ్య మోకాలి మీద వేలితో దెబ్బ వేశాడు.

"సార్, మూడో పాటల మల్ల ఉరికిన్రు."

"తెలుసు," అన్నాడు మూర్తి, బండి వేగం తగ్గిస్తూ.