నైరుతి కిటికీ

"ఆ తలుపు మాటిమాటికీ ఎందుకు తీస్తావు మే? బాలింతకి గాలి తగిలితే ఇప్పుడు తెలీదు, వయసు మళ్ళినాక తెలస్తాది," అంది మా అత్త పెంచలమ్మ, నా ముందు పథ్యం కూడు పెట్టి. నేను పక్కగుడ్డలు మడత పెడుతున్నాను. తలుపు తీసింది గాలి కోసం కాదు, పాప ముఖం చూసుకోవడానికి. ఆమె తలుపు లాగేసి వెళ్ళింది. గదిలో మళ్ళీ జీరో బల్బు ఒక్కటే మిగిలింది.

ఈ గదికి కిటికీ ఉండేది. మధ్యాహ్నం తిరిగాక మంచం మీదికి ఎండ వచ్చేది. దాని పక్కనే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకునేదాన్ని. పోయినేడు మా ఆయన గిరిబాబు రొయ్యల గుంటకు తెల్లమచ్చ తెగులు తగిలి, పంట మొత్తం పోయింది. నీళ్ళు పరీక్ష చేయించమన్నాను. ఆయన వాస్తు మనిషిని పిలుచుకొచ్చాడు. మా అల్లూరు వైపు అంతే, గుంటలో రొయ్య చస్తే ఇంట్లో ఏదో ఒక గోడ మారుతుంది. "నైరుతిలో ఇంత బొక్క పెట్టుకుంటే లక్ష్మి ఎట్టా నిలబడతాది?" అన్నాడా పెద్దమనిషి. మర్నాడే మేస్త్రీ వచ్చి ఇటుకలు పేర్చేశాడు. చీకటైపోయిందంటే, "లైటు ఉండాది కదా మే, బిల్లు నువ్వేమన్నా కడతావా?" అని మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అయినా నోరు మూసుకున్నాను. ఈ ఇంట్లో బాగా నేర్చుకున్న పని అదొక్కటే.

మా అమ్మ లేదు కాబట్టి పురుడు ఇక్కడే. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు చెప్పింది. "పగటి వెలుతుర్లో పాప కళ్ళూ ఒళ్ళూ చూసుకుంటా ఉండమ్మా. పచ్చబడితే వెంటనే తీసుకోని రండి. బల్బు కింద తెలీదు." ఇక్కడ వెలుతురేది? పైగా అత్త పాపకి రోజూ పసుపు రాసి నీళ్ళు పోస్తుంది. ఆ బల్బు కింద పాపా పచ్చగానే ఉంది, నా చేతులూ పచ్చగానే ఉన్నాయి, గోడా పచ్చగానే ఉంది. ఫోను లైటు వేసి చూద్దామంటే, బాలింత కళ్ళకు మంచిది కాదని ఫోను ఆమె దగ్గరే పెట్టుకుంది.

నిన్నటి నుంచి పాప పాలు సరిగా తాగడం లేదు. ఒకటి రెండు గుక్కలు మింగి నిద్రలోకి జారిపోతోంది. అరికాలు గిల్లినా ఏడవదు. "నెమ్మదస్తురాలు, నీ మాదిరి కాదు," అని అత్త మురిసిపోయింది. నేను మాత్రం పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను, తీస్తాను, మళ్ళీ పెడతాను. నా భయం ఉత్తదే అయితే? పురుడు వెళ్ళకుండానే గడప దాటిందని వీధంతా చెప్పుకుంటారు, అత్త జన్మంతా దెప్పుతుంది. ఉత్తది కాకపోతే? ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా భయమేసింది.

పాపని పొత్తిగుడ్డలో చుట్టుకుని లేచాను. గడప దాటి, వాకిట్లో వెలుతురున్న చోట నిలబడి, పాప కనురెప్ప వేలితో మెల్లగా ఎత్తాను. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు కొమ్ము రంగు.

"పురుడు పోకముందే బయటికొచ్చినావా, ఇల్లేమైపోవాల?" అంటూ అత్త వెనకే వచ్చింది. రెప్ప మళ్ళీ ఎత్తి చూపించాను. ఆమె వంగి చూసింది.

"నేను రాసిన పసుపేమో..." అంది చిన్నగా.

"కంట్లో ఎవరు రాస్తారత్తా?"

నెల్లూరు ఆసుపత్రిలో పాపని నీలం లైటు కింద పెట్టారు. కామెర్లు బాగా ముదిరాయని, ఇంకా ఆలస్యమైతే మెదడుకి దెబ్బ తగిలేదని డాక్టరమ్మ చెప్పింది. మర్నాటికి పాప మళ్ళీ గట్టిగా ఏడ్చి పాలు తాగింది.

మా ఆయన పక్కన కూర్చున్నాడు. "పాపకి నయమవతా ఉందంట. ఇంటికి పోయినాక శాంతి చేయిద్దాం. వాస్తు ఆయన్ని అడిగినా."

"ముందు మీరు పోయి ఆ గది ఫోటో తీసి పంపండి," అన్నాను. "పగలు తీయండి. లైటు ఆర్పేసి తీయండి. అందులో మంచం కనపడితే వస్తాం."