లోపల పచ్చ వెయ్యి

నాగరాణి నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టించాలని వాళ్ల నాయన అంటుండేవాడు. మాడుగులపల్లి దగ్గరి ఊళ్లో తొమ్మిదో తరగతి అయిపోయేదాకా బడిలో ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు తక్కువ. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదే గానీ పలికేది కాదు. అట్లాంటి పిల్లను ఎండాకాలం సెలవుల్లో కోదాడకు పంపమని చిన్నాయన మల్సూర్ ఫోన్ చేసి అడిగితే ఇంట్లోవాళ్లు నమ్మలేదు.

"దాని చేతులు సన్నగ ఉంటయన్నా. నాకొక పనున్నది," అన్నాడు మల్సూర్.

ఆ పని విమానం. మల్సూర్ కోదాడలో ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాడు. బడి కరస్పాండెంట్ దామోదర్ సార్‌కు ఎవరో చుట్టం హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చిన డబ్బా ఒకటి ఏళ్ల తరబడి బీరువా మీద దుమ్ము తింటూ ఉంది. అందులో మిగ్ యుద్ధ విమానం నమూనా ఉంది, ముక్కలు ముక్కలుగా. దాన్ని అతికించి, రంగులు వేయించి, బడి తెరిచే రోజుకల్లా ఆఫీసు గదిలో అద్దాల పెట్టెలో పెట్టాలని సార్‌కు బుద్ధి పుట్టింది. మల్సూర్ ఇనుప తీగతో సైకిళ్లు, కొబ్బరి చిప్పతో తాబేళ్లు చేస్తాడని బడిలో అందరికీ తెలుసు. అందుకని డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఇది 2010 మే నెల సంగతి. బడి జూన్ పన్నెండున తెరుస్తారు.

డబ్బా విప్పితే ప్లాస్టిక్ చట్రాలకు ముక్కలు కాయల్లా అతుక్కుని ఉన్నాయి. కొన్ని చేపముల్లంత సన్నవి. వాటిని గోళ్లు కత్తిరించే కట్టర్‌తో కోసి, సాన్‌పేపర్‌తో రుద్ది, వరస ప్రకారం అతికించాలి. వరస చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉంది. "నాకు ఇంగ్లీషు రాదు గని నువ్వు సదువు," అని మల్సూర్ కాగితం ఆమెకిచ్చాడు. అతను కిటికీ దగ్గర కూర్చుని, ఆమె రుద్దిన ముక్కను బొటనవేలి గోరుతో తడిమేవాడు. "ఈడ జర ఎత్తున్నది. ఇంకో రెండుసార్లు రుద్దు." ఆమె కళ్లకు ఆనని ఎగుడుదిగుడు అతని గోటికి దొరికేది. ఇంత పనితనం ఉన్న మనిషి తనను కోరి పిలిచాడని నాగరాణి లోలోపల పొంగిపోయింది.

"మొగుడు విమానం కడుతున్నాడు. ఇంట్లో ఫ్యాను రెక్క ఊగుతుంటే చూసే దిక్కు లేదు," అని చిన్నమ్మ విజయ వంటింట్లోంచి దెప్పేది. ఆమెది జగ్గయ్యపేట. మాట వేరు, దూకుడు వేరు.

"ఫ్యాను ఎగరదు గదా విజయా," అనేవాడు మల్సూర్.

విమానం పొట్ట రెండు చెక్కలుగా ఉంది. వాటిని మూసేముందే లోపల పైలట్ కూర్చునే చోట రంగు వేయాలి. మూసి అతికించాక కుంచె దూరదు. జూన్ ఐదున పొద్దున్నే మల్సూర్ బస్సు సర్వీసింగ్‌కని షెడ్డుకు పోతూ గుమ్మంలోంచి చెప్పాడు.

"నాగీ, లోపల సీటు కాడ పచ్చ వెయ్యి. ఆరినంక రెండు చెక్కలు అతికియ్యి. పైన అద్దం మూత గూడ పెట్టెయ్యి. నేను వచ్చేదాక ఆగకు."

నాగరాణి పచ్చ వేసింది. వాళ్ల ఊళ్లో పచ్చ అంటే పసుపు. గడపకు పూసేది పచ్చ, పెండ్లిపిల్ల బట్ట పచ్చ. చెట్టు రంగును విడిగా ఆకుపచ్చ అంటారు. రంగులున్న చిన్న చిన్న ఇనుప డబ్బీల్లో పసుపుపచ్చది వెతికి, మూత తీసి, పుల్లతో కలిపి, ఊపిరి బిగబట్టి రెండు పూతలు వేసింది. ఆరాక చెక్కలు మూసి దారంతో కట్టింది. అద్దం మూత కూడా అతికించింది. ఎక్కడా గమ్ము మరక పడలేదు. పన్నెండేళ్లుగా కోదాడలో ఉంటూ, జగ్గయ్యపేట మనిషిని చేసుకున్న మల్సూర్ మాటలో పచ్చ అంటే చెట్టు రంగని ఆమెకు తోచనే లేదు.

మరునాడు ప్లాస్టిక్ తుక్కు ఊడ్చి డబ్బాలో వేస్తుంటే డబ్బా పక్క అట్ట మీద అచ్చేసిన చిన్న బొమ్మ కనిపించింది. పైలట్ సీటు చుట్టూ ఆకుపచ్చ. నాగరాణి చేతిలో చీపురు ఆగిపోయింది. కాగితం తీసి అంకెలు సరిచూసింది. ఆకుపచ్చే. సీసాలో పెట్టి మూసినట్టు తన తప్పు అద్దం కింద మెరుస్తోంది. తీయబోతే అద్దం పగులుతుంది. కరస్పాండెంట్ సార్ చూస్తే చిన్నాయనను ఏమంటాడోనని ఆమెకు అన్నం దిగలేదు.

సాయంత్రం ధైర్యం చేసి విమానం తీసుకెళ్లి అతని ముందు నిలబడింది. "చిన్నాయినా, లోపల రంగు..." అంది. 

"ఏది, ఇటియ్యి." మల్సూర్ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తాడు. దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు. "మస్తున్నది. అచ్చం వేపాకు లెక్క నిగనిగలాడుతున్నది. నేను జెప్పిన పచ్చ గిదే."

వేళాకోళమాడుతున్నాడనుకుంది. అతనికి అలవాటే. ముందు పొగిడి, ఆమె మొహం వెలిగాక నవ్వుతాడు. ఆ నవ్వు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. మల్సూర్ నవ్వలేదు. విమానాన్ని జాగ్రత్తగా తిరిగి ఇచ్చి, "ఇగ రెక్కలు," అన్నాడు.

ఆ రాత్రి ఆమెకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఇంగ్లీషు రాదన్న మనిషి పోయిన ఏడాది దుకాణాల ఇంగ్లీషు బోర్డులన్నీ తనకు చదివి చూపించాడు. మంచినీళ్లు పోసుకునేటప్పుడు గ్లాసులో వేలు పెడతాడు. తెల్లారి, సన్న ముక్కలు పట్టుకునే పట్టకారును ఎప్పుడూ ఉండే చోటినుంచి జానెడు పక్కకు జరిపి పెట్టింది. అది తెల్లగా, ఎదురుగానే ఉంది. మల్సూర్ చెయ్యి పాత చోటుకే పోయి, బల్లను తడిమింది. "పట్టకారు ఏడ పెట్టినవే?" అన్నాడు. నాగరాణి అందించింది.  ఈ మనిషి ఐదు రోజుల్లో నలభైమంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని హైవే మీదికి పోతాడు.

పదో తారీఖున బస్సు కడగడానికి కాలువ దాకా పోతూ, "వస్తవా నాగీ?" అన్నాడు. ఆమె అతని వెనక సీట్లో కూర్చోకుండా ముందు, బానెట్ పక్కన నిలబడింది. బజారు దాటేదాకా బస్సు బాగానే పోయింది. ఎక్కడ మలుపో, ఎక్కడ గతుకో అతనికి కంఠతా వచ్చు. కాలువ కట్ట దగ్గర గొర్ల మంద రోడ్డుకు అడ్డంగా వస్తోంది. నాగరాణి గొర్ల మధ్య పుట్టిన పిల్ల. అంత దూరంనుంచే చూసింది. చిన్నాయన బ్రేకు మీద కాలు వేస్తాడని చూసింది. వేయలేదు. హారన్ కొడతాడని చూసింది. కొట్టలేదు.

"గొర్లు," అంది. వినిపించలేదు. "చిన్నాయినా, ముంగట గొర్లు, బ్రేకు ఎయ్యి."

బస్సు కీచుమని ఆగింది. ముందటి పొట్టేలు బంపర్‌కు మూరెడు దూరంలో ఉంది. గొర్ల వెంట వస్తున్న ముసలామె కర్రతో బస్సు రేకును కొట్టింది. "ఏందిరా, కండ్లు నెత్తికెక్కినయా? ఇంత మంద అగుపడ్తలేదా నీకు? గుడ్డి గుర్రం మీద సవారి జేస్తున్నవ్."

 మంద దాటాక మల్సూర్ బస్సును పక్కకు తీసి ఇంజను ఆపాడు. "ఎండ కండ్లల్ల పడ్డది," అన్నాడు. ఎండ వాళ్ల వీపు వైపు ఉంది.

"చిన్నాయినా, ఆ సీటు కాడ నేను ఏసింది పసుపు రంగు," అంది నాగరాణి.

 అతను స్టీరింగ్ వదలకుండానే నెమ్మదిగా చెప్పాడు. రెండేళ్లయింది. ముందు రంగులు పోయాయి, తరువాత పక్కలు మూసుకుపోతూ వచ్చాయి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకుని వేసుకుంటున్నాడు. పెద్ద డాక్టర్ దగ్గరికి పోతే బండి దిగమంటాడని పోలేదు.

"దసరా సెలవులల్ల సూపెట్టుకుంట. అప్పటిదాక ఎవ్వలకు జెప్పకు. మీ చిన్నమ్మకు అసలే జెప్పకు. స్టీరింగ్ లేకపోతే నేనెవన్ని? తీగ సైకిళ్లు జేస్కుంట కూసోవాల్నా?" ఆమె చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. "నా మీద ఒట్టు. అను."

నెత్తి మీద ఒట్టు తప్పితే ఆ నెత్తి గలవాడికే చేటని నాగరాణి చిన్నప్పటినుంచి విన్నది. అతని జుట్టు చెమటతో వెచ్చగా ఉంది. "ఒట్టు," అంది.

ఆ తరువాత రెండు రోజులు ఆమె రెక్కలు అతికించింది, వెండి రంగు వేసింది, నీళ్లలో నానబెట్టిన స్టిక్కర్ గుర్తులు జారవిడిచి తోక మీద మూడు రంగుల చారలు నిలబెట్టింది. విమానం తయారవుతున్నకొద్దీ ఆమెకు భయం ఎక్కువైంది. చెబితే చిన్నాయనకు ఏమైనా అవుతుంది. చెప్పకపోతే కాలువ కట్ట మీద ఈసారి గొర్లు ఉండవు, పిల్లలుంటారు. ఎటు తిరిగినా ఎవరి చావో తన నాలుక మీదే ఉన్నట్టు అనిపించింది. పడుకుంటే బ్రేకు చప్పుడు. లేస్తే చేతికి వెచ్చటి నెత్తి.

పన్నెండున పొద్దున ఆరున్నరకు మల్సూర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళంచెవి తిప్పుకుంటూ బయటికొచ్చాడు. విమానం అట్టపెట్టెలో ఉంది. విజయ అన్నం టిఫిను తెచ్చి అరుగు మీద పెట్టింది. నాగరాణి పోయి బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"జరుగవే, టైమైతున్నది."

"నువ్వు ఇయ్యాల బండి నడపొద్దు చిన్నాయినా."

"ఏంటే, ఏమైంది?" అంది విజయ.

"దానికి పగటి కలలు. ఊరి మీద బెంగ పెట్టుకున్నది," అన్నాడు మల్సూర్ నవ్వుతూ. కానీ మెట్టు ఎక్కబోలేదు.

"నేను ఒట్టేసిన చిన్నమ్మా," అంది నాగరాణి. 

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. చెప్పవే."

"చిన్నాయినకు కండ్లు అగుపడ్తలెవ్వు."

వీధిలో పాలవాడి సైకిలు పోయింది. విజయ మొగుడి మొహంలోకి చూసింది. కొట్టిపారేస్తుందనుకుంది నాగరాణి. ఆమె కొట్టిపారేయలేదు. ఎన్నాళ్లనుంచో నాలుక చివర ఉన్నదాన్ని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, దండెం మీద నా చీర ఏ రంగుది?"

మల్సూర్ దండెం వైపు తల తిప్పాడు. "ఎర్రది. నిన్న కట్టుకున్నది."

"దండెం మీద చీరే లేదు."

 విజయ అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి తాళంచెవి తీసుకుంది. లోపలికి పోయి బడికి ఫోన్ చేసింది. అతను అరుగు మీద టిఫిను పక్కన కూర్చున్నాడు. నాగరాణి బస్సు మెట్టు మీదే కూర్చుంది. వాళ్ల మధ్య పది అడుగుల దూరం ఉంది.

"కాలువ కాడ నా నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడే చెప్పేదుండె, ఒట్టు ఎయ్యనని," అన్నాడు చివరికి. "నేను ఇంకో తొవ్వ సూస్కుంటుంటి."

 "నీకేం గాదు గదా చిన్నాయినా, ఒట్టు తప్పినందుకు?" అంది నాగరాణి.

"అయ్యేది అయింది."

అరగంటకు వేరే డ్రైవర్ జంగయ్య వచ్చాడు. అట్టపెట్టెను బానెట్ మీద పెట్టుకున్నాడు. "జరమా మల్సూరన్నా?" అంటే విజయ "ఆ, జ్వరం," అంది. బస్సు సందు మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా మల్సూర్ మెడ చాచి వింటూనే ఉన్నాడు. "సెకండు గేరులనే గుంజుతుండు," అని గొణిగాడు. ఆ శబ్దం కూడా పోయాక అతని భుజాలు కిందికి వాలాయి.

"లే. సూర్యాపేట కండ్ల దవాఖానకు పోదాం," అంది విజయ. "నాగీ, నువ్వూ రా. చిన్నాయన చెయ్యి పట్టుకో."

"నా చెయ్యి ఎవ్వలు పట్టొద్దు," అన్నాడు మల్సూర్.

విజయ తలుపుకు తాళం వేస్తుంటే అతను ముందే నడిచాడు, నిటారుగా, ఎవరికీ అనుమానం రాకుండా. నాగరాణి రెండు అడుగులు వెనక నడిచింది. సందు చివర మురుగునీళ్ల మోరీ మీది బండను నిన్న పనివాళ్లు తీసి పక్కన పెట్టారు. మల్సూర్ కాలు గాలిలో ఆగి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఏదో మారిందని తెలిసింది గానీ ఏమిటో తెలియక నిలబడ్డాడు.

"మోరీ తెరిచి ఉన్నది," అంది నాగరాణి. "పెద్ద అడుగు ఎయ్యి."

అతను ఆమె వైపు తిరగలేదు. కాలు ఎత్తి, పెద్ద అడుగు వేశాడు.