అమల పంపిన నీడ

పురానాపూల్ దగ్గరి కొట్టంలో అమల రోజూ తెల్లవారకముందే బర్రెలు పితుకుతుంది. ఆ వేళకు ఆమె నీడ మాత్రం ఇంట్లో ఉంటుంది, నిద్రపోతున్న కూతురు పూజిత పక్కన. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. పిల్ల లేచి ఏడిస్తే నీడ గోడల వెంట జారుకుంటూ వచ్చి అమల కాళ్ల దగ్గర నిలబడుతుంది. పూజితను బడికి దింపేది కూడా చాలాసార్లు నీడే. ఆటోవాళ్లు ఆగి దానికి దారిస్తారు. అత్త ఆగమ్మకు దాని మీదున్న ఫిర్యాదల్లా ఒక్కటే, గిన్నెలు తోమదని.

ఆ వారం పూజితకు జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం పెదాలు నీలంగా మారేసరికి అమల, మొగుడు గోవర్ధన్ పిల్లను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టర్ రాగసుధ ఎక్స్‌రే చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది, పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి వెంటనే తీయాలి. ఇంత ఆయాసంలో పూర్తి మత్తు ఇవ్వలేరు, ఆ చోట మాత్రం మొద్దుబారేలా సూదిమందు ఇస్తారు. పిల్ల కదిలితే ప్రాణానికే ముప్పు.

"మీలో ఒకరు లోపల ఉండండమ్మా. మిమ్మల్ని చూస్తూ ఉంటే పాప కుదురుగా ఉంటుంది," అంది.

అమల ఎన్నో బర్రెలు ఈనడం చూసిన మనిషి, రక్తం ఆమెకు కొత్త కాదు. కానీ కూతురి ఒంట్లో కత్తి దిగుతుంటే చూడటం ఆమె వల్ల కాదు.

"నేను సూడలేను డాక్టరమ్మా. నా నీడను తోల్త," అంది.

డాక్టరు తలుపు తెరిచి పట్టుకుంది. నీడ లోపలికి పోయింది.

లోపలి నుంచి పూజిత అమ్మా అని అరిచింది. మళ్లీ అరిచింది. నీడ ఉంది కదా అనుకుంటూ అమల చెవులు మూసుకుంది. అంతలో తలుపు కింది సందులోంచి నల్లగా ఏదో బయటికి పాకింది. నీడే. అరచేయంత అయిపోయి వణుకుతోంది. ఆపరేషన్ దీపం కింద ఏ నీడా నిలవదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంతసేపూ పిల్ల ఒంటరిగానే ఉంది.

"నువ్వే పో అమలా," అన్నాడు గోవర్ధన్, తలెత్తకుండా. "బిడ్డ నిన్ను పిలుస్తున్నది."

అమల లోపలికి వెళ్లింది. నర్సులు పట్టుకున్నా పూజిత గింజుకుంటోంది. కత్తి పట్టుకున్న డాక్టరు చెయ్యి మధ్యలో ఆగిపోయింది. అమల పిల్ల ముఖం మీదికి వంగి, బెదిరిన బర్రెను నిమిరేటప్పుడు తీసే సన్నటి కూత తీసింది. కొంగు చాటున నీడ కూడా వచ్చినట్టుంది. అంత వెలుగులోనూ పూజిత కళ్ల మీద అరచేయంత చీకటి పడింది.

పిల్ల గింజుకోవడం మానింది. "పోకమ్మా," అంది.

"యాడికి పోను బిడ్డా, ఈడనే ఉన్న."

ఆ చీకటి చెదరకుండా దీపం జరపొద్దని డాక్టరు నర్సుతో చెప్పి కత్తి దించింది. గొట్టం వెళ్లింది. చీము సీసాలోకి దిగింది. అమల కళ్లు తిప్పుకోకుండా అంతా చూసింది. నెమ్మదిగా పూజిత పెదాలకు రంగు తిరిగొచ్చింది.

నీడ మళ్లీ అమల దగ్గరికి రాలేదు. పూజిత పక్కటెముకల మీది మచ్చను కప్పుకుని అక్కడే ఉండిపోయింది. పంపడానికి ఇక నీడ లేదు కాబట్టి పిల్ల పిలిచినప్పుడల్లా అమలే చెంబు పక్కన పెట్టి లేచి వెళుతుంది. అమల పాలు పోసే వీధికి ఇప్పుడు అవి ఆలస్యంగా వస్తున్నాయి.